బాతు పుర్రె ముందా, పెద్దబాతు పుర్రె ముందా?

ఎముకలు సేకరించే సరదా ఉన్నవాళ్ళు మన సీమలో తక్కువే గానీ లేకపోలేదు. జువాలజీ చదివే పిల్లలు, జంతువుల బొమ్మలు గీసేవాళ్ళు, బైనాక్యులర్ మెడలో వేసుకుని చెరువుల వెంట తిరిగేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న దగ్గరికి వస్తారు. బాతు జాతి పుర్రెలు పక్కపక్కన పెట్టి పోల్చాలంటే దేనితో మొదలుపెట్టాలి?

నా జవాబు ముందే చెప్పేస్తాను. గుడ్లు మానేసిన ముసలి నాటుబాతు ఒకటి, పెద్దబాతు (గూస్) ఒకటి, వాటి పక్కన వంటింట్లోంచే వచ్చే నాటుకోడి తల ఒకటి. పది రకాలు పోగేసి ఏదీ సరిగ్గా చూడకపోవడం కన్నా ఈ మూడింటినీ శుభ్రంగా తయారు చేసుకోవడం మేలు. బాతు, పెద్దబాతు రెండింట్లో ఒక్కటే కుదురుతుందంటే బాతుతోనే మొదలుపెట్టండి. అది సులభంగా దొరుకుతుంది, పాడైపోతే ఇంకొకటి తెచ్చుకోవచ్చు. పెద్దబాతు విషయం అలా కాదు.

చెరువులో కనిపించేవి మనవి కావు

చలికాలంలో హిమాలయాలు దాటి వచ్చే బార్ హెడెడ్ గూస్ అనే అడవి పెద్దబాతుల గుంపులు మన చెరువుల్లో దిగుతాయి. తుంగభద్ర ఇసుక మేటల మీద జక్కవలు జంటలుగా కనిపిస్తాయి. సూదితోక బాతు, ముక్కు కొస వెడల్పుగా ఉండే షోవెలర్ కూడా వస్తాయి. పుర్రెలు పోల్చే పిచ్చి ఉన్నవాడికి షోవెలర్ ముక్కు చూస్తే చెయ్యి ఊరుకోదు. ఊరుకోవాలి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షి బతికున్నా చచ్చినా ప్రభుత్వ ఆస్తి. పుర్రెకీ ఈకకీ కూడా ఇదే వర్తిస్తుంది. కరెంటు తీగ తగిలి గట్టు మీద పడి ఉన్న పక్షిని ‘నేను చంపలేదు కదా’ అని తెచ్చుకున్నా లెక్క ఒకటే. అలాంటిది చేతికొస్తే 48 గంటల్లోపు దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో గానీ అటవీ అధికారికి గానీ చెప్పాలి. 2022 సవరణతో మామూలు ఉల్లంఘనలకు జరిమానా గరిష్ఠంగా లక్ష రూపాయల దాకా పెరిగింది, జైలు శిక్ష కూడా పడవచ్చు. చదువుకీ పరిశోధనకీ నమూనాలు కావాలంటే అదే చట్టంలోని 12వ సెక్షన్ కింద అనుమతి అడిగే దారి ఉంది. అది కాలేజీ లెటర్‌హెడ్ మీద సాగాల్సిన పని, మన ఒక్కరి సరదాకి కాదు.

రోడ్డు పక్కన ‘అడవి బాతు’ అని అమ్మేవాళ్ళ దగ్గర కొనడం కూడా ఇందులోకే వస్తుంది. వల వేసి పట్టినవాడికి మన డబ్బు పోతుంది, కేసు మన మెడకీ చుట్టుకుంటుంది.

అంటే మన చేతిలో ఉన్నవి పెంపుడు పక్షులే. వాటితో ఏం పోల్చగలం అని చప్పగా అనిపించవచ్చు గానీ, చూసే కన్ను ఉంటే ఇందులో సరుకు చాలానే ఉంది.

పక్కపక్కన పెడితే ఏం కనిపిస్తుంది

ముందు ముక్కు చూడండి. బాతు ముక్కు పల్చగా, పొడుగ్గా ఉండి కొస దగ్గర వెడల్పవుతుంది. పెద్దబాతు ముక్కు మొదట్లో ఎత్తుగా ఉండి కొసకు పోయేకొద్దీ సన్నబడుతుంది. ఒకటి బురద నీళ్ళు వడగట్టి తినే పని, ఇంకొకటి గడ్డి కొరికి పీకే పని. పక్క నుంచి చూస్తే ముక్కు రంధ్రం చోటు కూడా మారుతుంది. నాటుబాతుకి అది నుదుటి వైపు జరిగి ఉంటుంది, పెద్దబాతుకి ముక్కు మధ్యకి వస్తుంది.

ఇక్కడ చాలామంది పోగొట్టుకునేది ఒకటుంది. బాతు ముక్కు అంచుల వెంట దువ్వెన పళ్ళలా వరసగా ఉండే సన్నటి పలకలు ఎముకవి కావు. ముక్కు మీది తొడుగువి. శుభ్రం చేసేటప్పుడు తొడుగు ఊడి వస్తే చెత్తతో పాటు పారేస్తారు. తర్వాత తెల్లగా మెరిసే పుర్రె చేతిలో ఉంటుంది, పోల్చాల్సిన అసలు తేడా కుప్పతొట్టిలో ఉంటుంది. తొడుగు ఊడగానే కడిగి, లోపల దూది పెట్టి, నీడలో ఆరబెట్టుకోండి. బాతు తొడుగు ఎక్కువ భాగం మెత్తటి చర్మమే, కొసన మాత్రం గట్టి గోరు లాంటిది ఉంటుంది. అందుకే ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, రంగు కూడా పోతుంది. పచ్చిగా ఉన్నప్పుడే పై నుంచి, పక్క నుంచి, నోరు తెరిచి ఫొటోలు తీసి పెట్టుకోవాలి. పెద్దబాతు తొడుగు ఇంతకన్నా గట్టిది, పలకలు మొరటుగా, పళ్ళ మాదిరి ఉంటాయి. ఆకారం అంతగా చెడకుండా ఆరుతుంది. ఈ ఒక్క కారణానికే రెండో పుర్రెగా పెద్దబాతుని ఎంచుకోమంటాను.

తర్వాత కింది దవడ వెనక కొస. దవడ పుర్రెకి అతికే చోటు దాటాక కూడా ఎముక ఆగదు. పల్చటి బ్లేడు మాదిరి వెనక్కి పొడుచుకొచ్చి పైకి వంగుతుంది. నోరు తెరిచే కండరం దాన్ని పట్టుకునే లాగుతుంది. బురదలో ముక్కు దూర్చి గబగబా తెరిచి మూసే పక్షికి ఆ పట్టు కావాలి కదా. ఇప్పుడు నాటుకోడి దవడ తీసి పక్కన పెట్టండి. చిన్నదే గానీ అక్కడా అలాంటి పొడుగే కనిపిస్తుంది. కోళ్ళూ బాతులూ దగ్గరి చుట్టాలనడానికి ఎముకల్లో కనిపించే ఆనవాళ్ళలో ఇదొకటి. 2020లో శాస్త్రవేత్తలు వర్ణించిన ఆస్టెరియోర్నిస్ అనే పక్షి శిలాజం బెల్జియంలో దొరికింది, వయసు దాదాపు 6.67 కోట్ల ఏళ్ళు. దాని ముక్కు కోడి పోలిక, పుర్రె వెనక భాగం బాతు పోలిక. కోడి తలని ఈ జట్టులో ఎందుకు కలిపానో అర్థమయ్యే ఉంటుంది. పైగా దానికి పైసా ఖర్చు లేదు.

పుర్రెని వెనక్కి తిప్పితే వెన్నుపాము దిగే పెద్ద రంధ్రం, దాని పైన రెండు పక్కలా రెండు చిన్న కన్నాలు కనిపించవచ్చు. కొత్తవాళ్ళు ఇవి చూసి పుర్రె పగిలిందని కంగారు పడతారు. బాతు జాతిలో చాలావాటికి ఇవి పుట్టుకతోనే ఉంటాయి. అంచులు నున్నగా, రెండు వైపులా ఒకేలా ఉంటే సహజమైనవి. ఒక పక్కే ఉండి అంచు రంపంలా ఉంటే అప్పుడు పగిలినట్టు.

నుదురూ ముక్కూ కలిసే చోట వేలితో మెల్లగా, చాలా మెల్లగా, ఒత్తి చూడండి. అక్కడ ఎముక పల్చబడి కొంచెం వంగుతుంది. పక్షులు పై దవడ కూడా కదిలించగలవు, ఆ కదలిక అక్కడిదే. ముసలి పక్షి ఎండిన పుర్రెలో ఈ చోటు పెళుసుగా ఉంటుంది, కాబట్టి ఒకసారి చూసి వదిలేయండి.

ఏ పక్షి, ఎక్కడ

నాటుబాతులు కావాలంటే కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ కింద వరి కోసిన మళ్ళ వైపు పోవాలి. నంద్యాల, మైదుకూరు, చాపాడు వైపు కోతలయ్యాక రాలిన గింజల కోసం బాతుల మందలు దింపుతారు. మందవాళ్ళు గుడ్లు తగ్గిన ముసలి బాతుల్ని ఎప్పటికప్పుడు ఏరి అమ్మేస్తుంటారు. మీకు కావాల్సింది అదే. మాంసం కోసం పెంచిన రెండు మూడు నెలల బాతు పుర్రెలో ఎముకలు ఇంకా పూర్తిగా అతుక్కుని ఉండవు, నానబెడితే ముక్కలై చేతికొస్తుంది.

కొట్టు దగ్గర ఒక మాట ముందే చెప్పుకోవాలి. ‘అన్నా, తల మీద కత్తి వెయ్యొద్దు, మెడ కిందికంటా కొయ్యి.’ ‘తలకాయ ఏం జేసుకుంటావు సామీ?’ అని నవ్వుతాడు, నవ్వనివ్వండి. మగబాతయితే ఇంకొకటి అడగండి. గొంతుగొట్టం రొమ్ములోకి దిగి రెండుగా చీలే చోట ఎడమ వైపు బోలుగా ఒక ఎముక బుడగ ఉంటుంది. ఆడబాతుకి ఉండదు, పెద్దబాతుల్లో మగదానికీ ఉండదు. పేగులతో పాటు పారేసే సరుకది. పుర్రె పక్కన పెడితే అది ఆడదా మగదా అన్న ప్రశ్నే రాదు.

ఖాకీ కాంప్‌బెల్, తెల్ల పెకిన్, నిటారుగా నడిచే ఇండియన్ రన్నర్ అన్నీ మల్లార్డ్ అనే అడవి బాతు సంతతే. సైజులు మారతాయి, రన్నర్ తల సన్నగా ఉంటుంది. అంతకు మించి కొత్త పాఠమేదో దొరుకుతుందని అన్ని జాతులూ కొంటూ పోవద్దు. మస్కవీ వేరే పక్షి, దక్షిణ అమెరికాది. ముఖం మీద ఎర్రటి కండ ఉండేది అదే. పుర్రె మొరటుగా ఉంటుంది, మగదానికీ ఆడదానికీ సైజు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మూడో బాతు కొంటే అది కొనండి.

పెద్దబాతు దొరకడమే కష్టం. తోటల దగ్గర, ఫామ్‌హౌసుల దగ్గర కాపలాకి పెంచుకుంటారు గానీ కోసుకు తినడం మన వైపు తక్కువ. ఏళ్ళ తరబడి బతుకుతుంది. పెంచేవాళ్ళతో పరిచయం పెట్టుకుని, కుక్క కరిచో బండి కింద పడో పోయినప్పుడు కబురు పెట్టమని చెప్పుకోవడమే. వీలుంటే నుదుటి మీద బొడిపె ఉన్నది అడగండి. పెంపుడు పెద్దబాతుల్లో రెండు మూలాలున్నాయి. గ్రేలాగ్ అనే అడవి పెద్దబాతు నుంచి వచ్చిన యూరప్ రకాలకు నుదురు నున్నగా ఉంటుంది, స్వాన్ గూస్ అనే ఇంకో అడవి పెద్దబాతు నుంచి వచ్చిన చైనా రకాలకు ముక్కు మొదట్లో బొడిపె ఉంటుంది. ఆ బొడిపె కింద ఎముక కూడా ఉబ్బి ఉంటుంది. మగదానికీ, వయసు ముదిరినదానికీ అది పెద్దది.

జబ్బుతో పోయిన పక్షి వద్దు. మందలో రెండు మూడు ఒకేసారి పోతే అసలే ముట్టుకోకుండా పశువైద్యశాలకి చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్ళని పూడ్చిపెట్టిన సంగతి అందరికీ గుర్తుంది. బాతులు ఏ లక్షణమూ కనపడకుండా ఆ వైరస్ మోయగలవు, ఫ్రీజర్లో పెట్టినంత మాత్రాన అది చావదు. ఆరోగ్యంగా ఉన్న పక్షి తలయినా గ్లౌజులు, మాస్కు లేకుండా పని మొదలుపెట్టొద్దు.

పెంపుడు పక్షి అడవి పక్షికి అచ్చు నకలు కాదన్నది కూడా మనసులో పెట్టుకోవాలి. అస్థిపంజరం మొత్తం బరువుతో పోల్చి చూస్తే పెంపుడు బాతుకి రెక్క ఎముకలు తేలికనీ కాలి ఎముకలు బరువనీ 1859లోనే డార్విన్ రాశాడు. కాబట్టి మన నాటుబాతుని చూసి ‘మల్లార్డ్ పుర్రె ఇలా ఉంటుంది’ అని చీటీ రాయకూడదు.

శుభ్రం చేసే పద్ధతి

నాలుగు దారులున్నాయి: పూడ్చడం, చీమలకి పెట్టడం, ఉడకబెట్టడం, నీళ్ళలో నానబెట్టడం. మన ఎండలకి చివరిదే సరైనదని నా గట్టి అభిప్రాయం.

పూడ్చడం అందరికీ ముందు తట్టేది. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బిగిసి నెర్రెలిస్తుంది. చెంప పక్కన సన్నటి పుల్ల లాంటి ఎముక ఉంటుంది, అది ఆ ఒత్తిడికి తట్టుకోదు. అనంతపురం ఎర్రమట్టి అంత చెరుపు చెయ్యదు గానీ దాని రంగు ఎముకకి పడుతుంది, మళ్ళీ వదలదు. తప్పదంటే తొట్టిలో ఏటి ఇసుక పోసి అందులో పెట్టి, పైన బరువు పెట్టండి.

చీమలు కండ బాగా తింటాయి, చిన్న ఎముకలు ఎత్తుకుపోతాయి. పిల్లులూ వీధికుక్కలూ పుర్రెనే ఎత్తుకుపోతాయి. ఇనప జాలీ పంజరం లేకపోతే ఆ మాటే వద్దు.

ఉడకబెట్టడం త్వరగా అయ్యే పని. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళకి వాసన టెన్షన్ లేకుండా ఉన్న దారి అదొక్కటే. అయితే తెర్లే నీళ్ళలో పల్చటి ఎముక వంకరపోతుంది, కొవ్వు ఎముక లోపలికి ఇంకుతుంది. చేస్తే సన్నటి సెగ మీద, బుడగలు రాకుండా, మధ్యమధ్య చూసుకుంటూ చెయ్యాలి. ముక్కు తొడుగు వేడికి మెత్తబడగానే ముందే తీసేయాలి.

నానబెట్టడం ఇలా. చర్మం, కళ్ళు, నాలుక తీసేయండి. కంటి గుడ్డులో సన్నటి ఎముక పలకల వలయం ఉంటుంది, కన్ను పారేయకుండా విడిగా నానబెడితే అది దక్కుతుంది. మెదడుని వెనక రంధ్రంలోంచి వంచిన తీగతో కదిపి, సూది లేని సిరంజితో నీళ్ళు కొట్టి బయటికి తియ్యండి. తలని పల్చటి మల్లుగుడ్డలో వదులుగా మూటగట్టి, మూత ఉన్న బకెట్లో నీళ్ళలో ముంచి మిద్దె మీద పెట్టండి. మూట ఎందుకంటే, కండ కరిగాక దవడని పుర్రెకి కలిపే ఎముకలు, అంగిట్లోని సన్నటి పుల్లలు విడిపోతాయి. నీళ్ళు పారబోసినప్పుడు అవీ కొట్టుకుపోతే మళ్ళీ పుర్రె పూర్తవ్వదు. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఎండలో ఈ పని చూస్తుండగానే అయిపోతుంది. డిసెంబరులో చాలా నెమ్మది. నీళ్ళు పూర్తిగా మార్చకుండా సగం సగం మారుస్తూ ఉంటే కండని కరిగించే బ్యాక్టీరియా నిలిచి ఉంటుంది. వాసన గురించి అబద్ధం చెప్పను, భరించలేం. పక్కింటి మిద్దె ఆనుకుని ఉంటే ఊరి బయట చేను చూసుకోండి.

కండ పోయాక కూడా బాతు పని అవ్వదు. కోడికీ బాతుకీ ఇక్కడే తేడా, బాతు ఎముక నిండా కొవ్వు. అలాగే ఆరబెడితే తెల్లగానే కనిపించి, మొదటి వేసవికే పసుపు చెమట పట్టి, దుమ్ము అంటుకుంటుంది. గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్ళలో వేసి అదే ఎండలో వదిలేయండి. నీళ్ళు మసకబారినప్పుడల్లా మార్చండి. వారాలు పడుతుంది, పెద్దబాతుకి ఇంకా ఎక్కువ. తొందరపడి పెట్రోలూ థిన్నరూ వాడి ఎండలో పెట్టే సాహసం మాత్రం వద్దు.

తెలుపు కోసం బ్లీచింగ్ పౌడర్ వెయ్యకండి, ఎముక సుద్దలా పొడిపొడి అవుతుంది. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ మామూలుగా 6 శాతం ఉంటుంది. దానికి సమానంగా నీళ్ళు కలిపి, మూత బిగించకుండా, ఒక రోజు ఉంచితే చాలు. చివరి కడుగుడు మాత్రం బోరు నీళ్ళతో వద్దు. మన బోర్లలో ఉప్పెక్కువ, ఆరాక ఎముక మీద తెల్లటి పొర కడుతుంది. వాటర్ ప్లాంటు క్యాన్ నీళ్ళు వాడండి.

విడిపోయిన ముక్కలు అతకడానికి ఫెవికాల్ మేలు. తప్పుగా అతికినా నీళ్ళతో నానబెట్టి ఊడదీయవచ్చు. ఫెవిక్విక్‌తో ఆ అవకాశం లేదు.

రెడీమేడ్, ప్రింటు

తయారైన పుర్రె కొనేవాళ్ళు బిల్లు అడగండి, పెంపుడు పక్షిదని అందులో రాసి ఉండాలి. కింది దవడ పై పుర్రెకి సరిగ్గా కూర్చుంటుందో లేదో చూడండి, రెండు పక్షులవి కలిపి అమ్మడం మామూలే. గోరుతో గీస్తే పొడి రాలితే బ్లీచింగ్ సరుకు. విదేశాల నుంచి తెప్పించుకునే ఆలోచన ఉంటే మానేయండి. జంతు ఉత్పత్తులకి ముందస్తు అనుమతులు కావాలి, కస్టమ్స్ దగ్గర పార్సిల్ ఆగిపోతుంది.

షోవెలర్, బార్ హెడెడ్ గూస్ మీద మోజు తీరాలంటే 3డి ప్రింటు ఉంది. అమెరికా మ్యూజియాలు కలిసి 2017 నుంచి 2023 వరకు నడిపిన ఓవర్ట్ అనే ప్రాజెక్టులో 13,000కి పైగా వెన్నెముక జీవుల నమూనాలని స్కాన్ చేశారు. అవి మార్ఫోసోర్స్ సైట్లో ఉంటాయి. కొన్ని నేరుగా దించుకోవచ్చు, కొన్నింటికి అనుమతి అడగాలి. ప్రింటరు ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో తెలిసినవాళ్ళుంటే పని అవుతుంది. సైజు నూరు శాతం పెట్టమని చెప్పండి, లేకపోతే కొలతలకి పనికిరాదు. చెంప దగ్గరి పుల్ల ఎముకలు ప్రింటులో సరిగ్గా రావు, ముక్కు ఆకారానికి మాత్రం ఢోకా లేదు. నా మాటగా చెప్పాలంటే, నాలుగో పుర్రె కింద ఇంకో నాటుబాతు బదులు ప్రింటు షోవెలర్ పెట్టుకోండి. నాటుబాతు ముక్కు పక్కన దాన్ని చూసినప్పుడే వడగట్టే ముక్కు ఎంత దూరం పోగలదో తెలుస్తుంది.

ప్రతి పుర్రెకీ ఒక చీటీ కట్టండి. ఏ పక్షి, ఆడదా మగదా, సుమారు వయసు, ఏ ఊరు, ఏ తేదీ, ఎలా పోయింది, ఎవరి దగ్గర తీసుకున్నది, అన్నీ పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ ఇంకు కొవ్వుకి కరుగుతుంది. మాంసం కొట్టు బిల్లు ఉంటే దాన్నీ డబ్బాలోనే పెట్టండి. రేపు ఎవరైనా అధికారి వచ్చి ఇది అడవి బాతు కాదా అని అడిగితే చూపించడానికి అదే ఆధారం. డబ్బాలో నాఫ్తలీన్ ఉండలు రెండు వేసి, మూత గట్టిగా పెట్టి, పిల్లలకి అందని అరలో పెట్టుకోండి.